స్త్రీలలో దీర్ఘకాలిక శ్రోణి నొప్పి - ఆక్యుపంక్చర్ చికిత్స: ఆధారాల పరిశీలన

వ్యాససంగ్రహం

స్త్రీలలో ఆరు నెలలకు మించి నిలిచిపోయే శ్రోణి నొప్పికి ఆక్యుపంక్చర్ ఒక చికిత్సగా ప్రచారంలో ఉంది. అది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు క్లినికల్ ట్రయల్స్ ఇచ్చిన సమాధానాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఆ వైరుధ్యంలో ఎక్కువ భాగం ఆక్యుపంక్చర్‌ను దేనితో పోల్చారన్న దాని నుంచి పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నెలసరి నొప్పి, ఎండోమెట్రియోసిస్, గర్భిణుల తుంటి నొప్పి, పురుషుల శ్రోణి నొప్పి - వీటిపై జరిగిన ప్రధాన పరీక్షలను ఆ దృష్టితో చదివి, గర్భసంచి తొలగింపు అధికంగా ఉన్న తెలుగు రాష్ట్రాలలో ఈ చికిత్సకు ఉండదగిన స్థానాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శ్రోణి నొప్పి, ఆక్యుపంక్చర్, ఉత్తుత్తి సూది, ఎండోమెట్రియోసిస్, గర్భసంచి తొలగింపు, స్త్రీల ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ‘సూది వేయించుకున్నాను’ అంటే మందు ఎక్కించుకున్నానని అర్థం. ‘సూదిమందు’ అన్న సమాసంలో సూదినీ మందునీ విడదీసి చూడడం ఎవరికీ అలవాటు లేదు. ఆక్యుపంక్చర్‌లో ఆ రెండో పదం లేదు. సుమారు పావు మిల్లీమీటరు మందం ఉండే, లోపల బోలు లేని ఉక్కుసూదిని చర్మంలోకి గుచ్చి, ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి తీసివేస్తారు. శరీరంలోకి ఏ ద్రవమూ వెళ్ళదు. మందు లేని సూది నొప్పిని ఎలా తగ్గిస్తుంది, అసలు తగ్గిస్తుందా అన్న సందేహం కలగడం సహజమే.

దీర్ఘకాలిక శ్రోణి నొప్పితో బాధపడే స్త్రీల విషయంలో ఈ సందేహం కేవలం కుతూహలం కాదు. వారికి అందుబాటులో ఉన్న మార్గాలు తక్కువ. నొప్పి మాత్రలు కొంతకాలం పనిచేసి మానేస్తాయి. హార్మోన్ చికిత్సలు అందరికీ సరిపడవు, బిడ్డలు కావాలనుకునేవారికి అసలే కుదరవు. శస్త్రచికిత్స తరువాత కూడా కొందరిలో నొప్పి తిరిగి వస్తుంది. ఈ స్థితిలో ‘హాని లేదు, చేయించుకుని చూడండి’ అన్న సలహా గానీ, ‘అదంతా భ్రమ’ అన్న కొట్టివేత గానీ వారికి న్యాయం చేయవు. రెండూ ఆధారాలను చదవకుండానే చెప్పగలిగిన మాటలు.

2. నొప్పి స్వభావం

బొడ్డు కింద, రెండు తుంటి ఎముకల నడుమ ఉండే ప్రాంతాన్ని శరీరశాస్త్రం శ్రోణి అంటుంది. వాడుకలో పొత్తికడుపు, నడుము అన్న మాటలు దీనిని పంచుకుంటాయి. ఈ ప్రాంతంలో కనీసం ఆరు నెలలుగా నిరంతరంగానో, వచ్చిపోతూనో ఉండి, కేవలం నెలసరికో సంభోగానికో పరిమితం కాకుండా, గర్భధారణతో సంబంధం లేని నొప్పిని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ దీర్ఘకాలిక శ్రోణి నొప్పిగా నిర్వచించింది. ఇది ఎంతమందిలో ఉందన్న దానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున జరిగిన సమీక్ష 2006లో వెలువడింది. నెలసరితో సంబంధం లేని శ్రోణి నొప్పి 2.1 శాతం నుంచి 24 శాతం వరకు స్త్రీలలో ఉన్నట్లు వేర్వేరు అధ్యయనాలు చెప్పాయి. ఇంత వ్యత్యాసం రావడానికి దేశాల తేడా కంటే కొలతల తేడాయే ఎక్కువ కారణం కావచ్చు. ‘ఆడవాళ్ళకు ఇది మామూలే’ అన్న మాట వింటూ పెరిగిన స్త్రీ ప్రశ్నావళిలో ఏ గడిలో టిక్కు పెడుతుందో ఊహించడం కష్టం కాదు.

కారణాల జాబితా పెద్దది. ఎండోమెట్రియోసిస్, అడినోమయోసిస్, గర్భాశయ నాళాలలో ఇన్ఫెక్షన్, పాత శస్త్రచికిత్సల వల్ల అవయవాలు అతుక్కుపోవడం, పేగుల అతిచురుకుదనం, మూత్రాశయ నొప్పి, శ్రోణి అడుగుభాగపు కండరాలు బిగుసుకుపోవడం వీటిలో ముఖ్యమైనవి. భారతదేశంలో జననాంగాల క్షయను కూడా చేర్చుకోవాలి. ఒకే స్త్రీలో రెండు మూడు కారణాలు కలిసి ఉండడం సాధారణం. లాపరోస్కోపీ చేసినా ఏ లోపమూ కనిపించనివారు తక్కువేమీ కాదు.

లోపం కనిపించకపోతే నొప్పి లేనట్టేనా? ఈ ప్రశ్నకు నాడీశాస్త్రం గత నలభై ఏళ్ళలో స్పష్టమైన జవాబు చెప్పింది. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం, గాయం తరువాత వెన్నుపాములోని నాడీకణాలే అతిసున్నితంగా మారిపోతాయని చూపింది. మొదటి కారణం మానిపోయినా ఆ సున్నితత్వం మిగలవచ్చు. అప్పుడు మామూలు స్పర్శ, మూత్రాశయం నిండడం, పేగు కదలిక కూడా నొప్పిగా అందుతాయి. వెన్నుపాములో గర్భాశయం, మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం నుంచి వచ్చే నాడులు దాదాపు ఒకే చోట కలుస్తాయి గనుక ఒకదాని బాధ మరొకదానికి పాకుతుంది. నొప్పిని అవయవంలో మాత్రమే వెతికే వైద్యానికి ఇది అందదు.

మందులైనా అందుతాయా అంటే అదీ సందేహమే. నాడీ సంబంధ నొప్పికి వాడే గాబాపెంటిన్‌ను బ్రిటన్‌లోని 39 ఆసుపత్రులలో 306 మంది స్త్రీలపై పరీక్షించి 2020లో ‘లాన్సెట్’లో ఫలితాలు ప్రకటించారు. లాపరోస్కోపీలో ఏ లోపమూ కనబడని శ్రోణి నొప్పి వారిది. ప్లాసిబో కంటే ఆ మందు నొప్పిని ఎక్కువగా తగ్గించలేదు. కళ్ళు తిరగడం, మగత వంటి దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి. అంతకుముందు ఈ మందును ఎందరికో రాసి ఇచ్చారు. ఆక్యుపంక్చర్‌పై సంశయం ఉన్నవారు ఈ సంగతిని కూడా గుర్తు పెట్టుకోవాలి: ఆధారాల లేమి సూదికి మాత్రమే ఉన్న లోపం కాదు.

3. సూది, బిందువులు

చైనా సంప్రదాయం ప్రకారం ‘చీ’ అనే ప్రాణశక్తి శరీరంలో నిర్దిష్ట మార్గాలలో ప్రవహిస్తుంది. అది స్తంభించిన చోట నొప్పి పుడుతుంది. ‘హువాంగ్‌దీ నైజింగ్’ వంటి ప్రాచీన గ్రంథాల నుంచి సాగివచ్చిన ఈ వివరణను ఆధునిక శరీరశాస్త్రం ధ్రువీకరించలేదు. బిందువుల స్థానాలను మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ ప్రాంతీయ కార్యాలయం 2008లో ప్రమాణీకరించింది. వాటి సంఖ్య 361.

శ్రోణి నొప్పికి తరచుగా ఎంచుకునే బిందువులు కొన్నే. లోపలి చీలమండ ఎముకకు నాలుగు వేళ్ళ వెడల్పు పైన ఉండే సాన్‌యిన్‌జియావో, బొడ్డు కింద మధ్యరేఖపై ఉండే గువాన్‌యువాన్, త్రికాస్థి రంధ్రాలపై ఉండే సీలియావో, ఝాంగ్‌లియావో వాటిలో ప్రధానమైనవి. ఇక్కడ ఒక ఆసక్తికరమైన ఏకీభావం ఉంది. త్రికాస్థి రంధ్రాల గుండా వచ్చే రెండు, మూడు, నాలుగో నాడులే మూత్రాశయానికీ శ్రోణి కండరాలకూ ఆజ్ఞలు మోసేవి. మూత్ర సమస్యలకు నేటి శస్త్రవైద్యులు విద్యుత్ తీగను అమర్చేది ఝాంగ్‌లియావో బిందువు ఉన్న మూడో రంధ్రంలోనే. మూత్రాశయ అతిచురుకుదనానికి కాలి నాడిని సూదితో ప్రేరేపించే పద్ధతిలో సూది దిగేది స్థూలంగా సాన్‌యిన్‌జియావో పరిసరాలలోనే. ఇంతమాత్రాన శక్తిమార్గాల సిద్ధాంతం రుజువైనట్టు కాదు. పాతకాలపు వైద్యులు అనుభవంతో కొన్ని ముఖ్యమైన నాడుల జాడ పట్టుకున్నారనుకోవడానికి అవకాశం ఉంది.

భారతదేశానికి ఈ చికిత్స వచ్చిన దారి కూడా చెప్పదగినదే. 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు వెళ్ళిన బెంగాలీ వైద్యుడు బి. కె. బసు, 1950ల చివరలో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో ప్రవేశపెట్టాడు. పశ్చిమ బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో దీనికి ప్రత్యేక చట్టాలు చేశాయి.

4. శరీరంలో జరిగేది

ఆక్యుపంక్చర్‌కు జీవరసాయనిక ఆధారం లేదన్న మాట ఇప్పుడు సరికాదు. నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్‌లను అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే ఆక్యుపంక్చర్ కలిగించిన ఉపశమనం తగ్గిపోతుందని 1976లో పొమెరాంజ్, చియు ఎలుకలలోనూ, 1977లో మేయర్ బృందం మనుషులలోనూ చూపారు. సూదులకు స్వల్ప విద్యుత్తు కలిపినప్పుడు, సెకనుకు 2 స్పందనల వేగంలో ఒక రకం, 100 స్పందనల వేగంలో మరొక రకం నొప్పినివారక పెప్టైడ్‌లు విడుదలవుతాయని బీజింగ్‌లో హాన్ జీషెంగ్ బృందం దశాబ్దాల పరిశోధనలో గుర్తించింది. సూది గుచ్చిన చోట అడినోసిన్ పెరిగి నొప్పి సంకేతాలను అణచివేస్తుందని 2010లో ‘నేచర్ న్యూరోసైన్స్’లో వచ్చిన ఎలుకల అధ్యయనం చెప్పింది.

అయితే వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సూది గుచ్చితే శరీరం స్పందిస్తుందని ఈ ప్రయోగాలు చెబుతాయి. చర్మాన్ని గట్టిగా గిల్లినా శరీరం స్పందిస్తుంది. ఒకచోట కలిగిన బాధ మరొకచోటి నొప్పిని అణచివేయడం నాడీవ్యవస్థకు ఉన్న సాధారణ గుణమని 1979లోనే ల బార్ బృందం వివరించింది. ఆ స్పందన ఏళ్ళ తరబడి ఉన్న శ్రోణి నొప్పిని నెలల పాటు తగ్గించడానికి చాలుతుందా అన్నది ప్రయోగశాల తేల్చగలిగేది కాదు.

5. పోలిక దేనితో?

‘ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా?’ అన్న వాక్యంలో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఆక్యుపంక్చర్ చేయించుకున్న స్త్రీ, చేయించుకోని స్త్రీ కంటే మెరుగ్గా ఉంటుందా అన్నది మొదటిది. నిర్ణీత బిందువులో గుచ్చిన అసలు సూది, గుచ్చినట్టు నటించిన సూది కంటే మెరుగైనదా అన్నది రెండోది. రోగికి మొదటి ప్రశ్న ముఖ్యం. శాస్త్రజ్ఞుడికి రెండోది ముఖ్యం. వాదోపవాదాలలో చాలా భాగం ఒకరు మొదటిదానికి ఇచ్చిన జవాబును మరొకరు రెండోదానికి జవాబుగా తీసుకోవడం వల్ల పుట్టినవే.

రెండో ప్రశ్నను పరీక్షించడానికి పరిశోధకులు ఉత్తుత్తి సూదిని రూపొందించారు. 1998లో ‘లాన్సెట్’లో వర్ణించిన ష్ట్రైట్‌బెర్గర్ సూది నాటకాలలో వాడే ఉత్తుత్తి బాకు లాంటిది. మొన మొద్దుగా ఉంటుంది. నొక్కితే సూది తన పిడిలోకే జారిపోతుంది. చర్మాన్ని తాకిన స్పర్శ తెలుస్తుంది గనుక గుచ్చారనే రోగి అనుకుంటుంది. కొన్ని పరీక్షలలో ఇందుకు బదులు అసలు సూదినే బిందువులు కాని చోట పైపైన గుచ్చుతారు.

ఈ రెండు ప్రశ్నల తేడాను జర్మనీలో జరిగిన గెరాక్ పరీక్ష చక్కగా చూపింది. అది శ్రోణి నొప్పిపై కాక దీర్ఘకాలిక నడుము నొప్పిపై జరిగింది. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం 1162 మందిలో ఆరు నెలల తరువాత మెరుగైనవారు అసలు ఆక్యుపంక్చర్ వర్గంలో 47.6 శాతం, ఉత్తుత్తి వర్గంలో 44.2 శాతం, మందులు, వ్యాయామాలతో కూడిన మామూలు చికిత్స వర్గంలో 27.4 శాతం. అసలుకూ ఉత్తుత్తికీ తేడా 3.4 శాతం పాయింట్లే. రెండింటికీ మామూలు చికిత్సకూ నడుమ తేడా పదిహేడు నుంచి ఇరవై. ఒకే పట్టికను చూపి ‘ఆక్యుపంక్చర్ ప్లాసిబో కంటే మెరుగు కాదు’ అనవచ్చు, ‘మామూలు చికిత్స కంటే ఎంతో మెరుగు’ అని కూడా అనవచ్చు. రెండూ నిజమే.

శ్రోణి ప్రాంతానికి దగ్గరగా స్వీడన్ నుంచి ఇంకా పదునైన ఉదాహరణ ఉంది. గర్భిణులలో తుంటి ఎముకల కీళ్ళ వద్ద వచ్చే నొప్పిపై ఎల్డెన్ బృందం రెండు పరీక్షలు చేసింది. దీర్ఘకాలిక శ్రోణి నొప్పి నిర్వచనంలోకి ఇది రాదు. అయినా పద్ధతి దృష్ట్యా ఈ జంట విలువైనది. 386 మంది పాల్గొన్న 2005 నాటి పరీక్షలో మామూలు చికిత్సకు ఆక్యుపంక్చర్ కలిపినవారికి, మామూలు చికిత్స మాత్రమే పొందినవారి కంటే స్పష్టంగా ఎక్కువ ఉపశమనం కలిగింది. 115 మందితో చేసి 2008లో ప్రకటించిన పరీక్షలో చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదితో పోల్చారు. నొప్పి తగ్గడంలో తేడా కనబడలేదు. రోజువారీ పనులు చేసుకునే శక్తి మాత్రం అసలు సూది వర్గంలో మెరుగ్గా ఉంది. రెండు పరీక్షల నడుమ సూది మారలేదు, పోలిక మారింది.

ఉత్తుత్తి సూది కూడా నిర్దోషమైన కొలబద్ద కాదు. చర్మాన్ని నెమ్మదిగా తాకినా కొన్ని సన్నని నాడీతంతువులు స్పందించి భావోద్వేగాలకు సంబంధించిన మెదడు భాగాలకు సంకేతం పంపుతాయి. చక్కెర బిళ్ళ కడుపులో ఏమీ చేయదు, ఉత్తుత్తి సూది చర్మంపై ఏదో చేస్తుంది. పైగా చికిత్సకుడికి తాను ఏ సూది వాడుతున్నాడో తెలిసే ఉంటుంది. అతని మాటలో, చేతిలో ఆ తేడా తెలియకుండా ఉండడం కష్టం. మందుల పరీక్షలలో సాధ్యమయ్యే రెండు వైపుల గోప్యత ఇక్కడ సాధ్యం కాదు. ఈ లోపాలు ఒకటి ఆక్యుపంక్చర్ ఫలితాన్ని తగ్గించి, మరొకటి పెంచి చూపుతాయి. అవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయని అనుకోవడానికి వీలు లేదు.

ఆండ్రూ వికర్స్ బృందం 39 పరీక్షలలోని 20,827 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరివిగా సేకరించి 2018లో చేసిన విశ్లేషణ ఈ చర్చకు ఒక స్థూలమైన కొలత ఇచ్చింది. ఆక్యుపంక్చర్ లేకపోవడంతో పోలిస్తే తేడా ప్రామాణిక విచలనంలో సుమారు సగం. ఉత్తుత్తితో పోలిస్తే సుమారు అయిదో వంతు. అంటే సూదికి సొంత ప్రభావం ఉంది, అది చిన్నది. మిగిలింది చికిత్సా సందర్భం ఇచ్చినది. అయితే ఆ విశ్లేషణ వెన్ను, మెడ, మోకాలు, భుజం, తల నొప్పులకు సంబంధించినది. స్త్రీల శ్రోణి నొప్పి అందులో లేదు.

6. శ్రోణి నొప్పిపై జరిగిన పరీక్షలు

నెలసరి నొప్పిపై పరీక్షల సంఖ్య ఎక్కువ, నాణ్యత తక్కువ. 2008లో జర్మనీకి చెందిన విట్ బృందం 201 మంది స్త్రీలను చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విభజించింది. మూడు నెలల తరువాత పది పాయింట్ల కొలతపై నొప్పి ఆక్యుపంక్చర్ వర్గంలో 3.1, చికిత్స ఇంకా మొదలుపెట్టని వర్గంలో 5.4. తేడా పెద్దదే, కానీ ఇది మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. 2016 నాటి కోక్రేన్ సమీక్ష 42 పరీక్షలను, 4640 మంది స్త్రీలను పరిగణనలోకి తీసుకుని కూడా నెలసరి నొప్పికి ఆక్యుపంక్చర్ ప్రభావవంతమని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. నాలుగు వేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్న తరువాత కూడా తేలకపోవడానికి కారణం పాల్గొన్నవారి సంఖ్య కాదు, పరీక్షల రూపకల్పన.

ఎండోమెట్రియోసిస్ విషయంలో స్థితి ఇంకా పలచన. 2011 నాటి కోక్రేన్ సమీక్షలో 24 అధ్యయనాలు దొరికితే ప్రమాణాలకు నిలిచినది ఒక్కటే. అందులో ఉన్నది 67 మంది. అమెరికాలోని బోస్టన్‌లో వెయిన్ బృందం 18 మంది యువతులపై చేసి 2008లో ప్రకటించిన చిన్న పరీక్ష ఉత్తుత్తి సూదితో పోల్చింది. నాలుగు వారాల తరువాత అసలు సూది వర్గంలో నొప్పి సగటున 4.8 పాయింట్లు, ఉత్తుత్తి వర్గంలో 1.4 పాయింట్లు తగ్గింది. ఆ తరువాతి నెలలలో రెండు వర్గాల నడుమ తేడా తగ్గిపోయి గణాంకపరమైన ప్రాముఖ్యం కోల్పోయింది. చైనాలో 106 మంది స్త్రీలతో చేసి 2023లో ‘ఫెర్టిలిటీ అండ్ స్టెరిలిటీ’లో ప్రచురించిన పరీక్ష దాదాపు అదే కథ చెప్పింది. పన్నెండు వారాల చికిత్స ముగిసేనాటికి నెలసరి నొప్పి ఉత్తుత్తి వర్గం కంటే ఎక్కువ తగ్గింది. చికిత్స ఆపిన తరువాత ఆ మేలు నిలవలేదు. ఖండాలు, సంప్రదాయాలు, పరిమాణాలు వేరైన రెండు పరీక్షలు ఒకే ఆకారాన్ని చూపడం గమనించదగినది.

ఇక పురుషుల సంగతి. క్రిములతో సంబంధం లేని దీర్ఘకాలిక ప్రోస్టేట్, శ్రోణి నొప్పి ఉన్న 440 మంది పురుషులపై చైనాలోని పది ఆసుపత్రులలో జరిగిన పరీక్ష 2021లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో వచ్చింది. ఎనిమిది వారాలలో ఇరవై సార్లు సూదులు వేశారు. చికిత్స ముగిసేసరికి మెరుగైనవారు అసలు వర్గంలో 60.6 శాతం, ఉత్తుత్తి వర్గంలో 36.8 శాతం. చికిత్స ఆపిన ఆరు నెలల తరువాత కూడా ఆ తేడా దాదాపు అలాగే నిలిచింది. వాడిన బిందువులలో సాన్‌యిన్‌జియావో, ఝాంగ్‌లియావో ఉన్నాయి. స్త్రీలకు వాడేవీ అవే. శ్రోణి నొప్పి స్త్రీలలోనే ఎక్కువగా చర్చకు వచ్చే సమస్య అయినా, దానిపై ఆక్యుపంక్చర్‌ను ఇంత గట్టిగా పరీక్షించినది పురుషులలో కావడం పరిశోధనా నిధుల ప్రాధాన్యాల గురించి కొంత చెబుతుంది. పురుషుల ఫలితాన్ని స్త్రీలకు అన్వయించడం ఊహ మాత్రమే అవుతుంది. గర్భాశయం, హార్మోన్ల చక్రం, ఎండోమెట్రియోసిస్ ఆ ఊహకు అడ్డు వస్తాయి. పైగా తూర్పు ఆసియా దేశాలలో జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ అనుకూల ఫలితాలే ఇస్తున్నాయని వికర్స్ బృందం 1998లోనే ఎత్తిచూపింది. ప్రతికూల ఫలితాలు అచ్చుకాకుండా ఆగిపోతున్నాయేమోనన్న ఆ అనుమానం పూర్తిగా పాతబడలేదు. అందుచేత ఈ పరీక్షను మరొక దేశంలో తిరిగి చేసి చూడవలసి ఉంది.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో దీర్ఘకాలిక శ్రోణి నొప్పి ఉన్న స్త్రీలపై ఒక చిన్న సాధ్యతా అధ్యయనం జరిగింది. ఫలితాల కంటే దాని రూపకల్పన ముఖ్యమైనది. ఒక వర్గానికి సూదులతో పాటు చైనా వైద్య పద్ధతిలో ఆరోగ్య సంభాషణ, రెండో వర్గానికి సూదులు లేకుండా ఆ సంభాషణ మాత్రమే, మూడో వర్గానికి మామూలు ఆసుపత్రి చికిత్స. నొప్పి గురించి శ్రద్ధగా అడిగి, వినడమే మందు అయితే ఎంత, దానికి సూది చేర్చేది ఎంత అన్న ప్రశ్నను ఈ విభజన విడివిడిగా అడగగలదు. పెద్ద పరీక్ష ఈ నమూనాలో జరిగితే ఉత్తుత్తి సూది చిక్కుముడి చాలావరకు తప్పుతుంది.

7. మార్గదర్శకాలు

ఆధారం ఇలా ఉన్నప్పుడు సంస్థలు భిన్నంగా మాట్లాడడం ఆశ్చర్యం కాదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో, మరే వ్యాధీ కారణంగా తేలని దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పికి ఒక విడత ఆక్యుపంక్చర్‌ను పరిశీలించవచ్చని చెప్పింది. చికిత్సకుడి సమయం మొత్తం అయిదు గంటలు మించరాదన్న హద్దు కూడా పెట్టింది. అదే పత్రం ఆ నొప్పికి పారాసిటమాల్, ఓపియాయిడ్లు, గాబాపెంటిన్ వంటివి మొదలుపెట్టవద్దంది. అమెరికన్ స్త్రీవైద్య నిపుణుల కాలేజీ 2020లో కండరాల మూలంగా వచ్చే శ్రోణి నొప్పికి ఆక్యుపంక్చర్‌ను, యోగాను పరిశీలించవచ్చంది. యూరప్‌కు చెందిన ఎష్రే 2022లో ఎండోమెట్రియోసిస్ నొప్పికి ఏ ఒక్క మందేతర పద్ధతినీ ప్రత్యేకంగా సిఫారసు చేయలేమంది. జాగ్రత్తగా చదివితే ఇవి పరస్పరం ఖండించుకోవు. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం నొప్పి గురించి మాట్లాడుతోంది.

8. తెలుగు రాష్ట్రాల సందర్భం

2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ శస్త్రచికిత్సకు కారణంగా దేశవ్యాప్తంగా సగానికి పైగా స్త్రీలు చెప్పినది నెలసరిలో అధిక రక్తస్రావం లేదా నొప్పి. ‘పిల్లలు పుట్టేశారు, ఇంకా సంచి ఎందుకు’ అన్న మాట తెలుగు ఇళ్ళలో కొత్త కాదు. నొప్పికి మూలం గర్భాశయమే అయినప్పుడు ఆ శస్త్రచికిత్స మేలు చేస్తుంది. మూలం మూత్రాశయంలోనో, పేగులోనో, బిగుసుకున్న కండరంలోనో, సున్నితమైన వెన్నుపాములోనో ఉంటే సంచి పోయినా నొప్పి ఉంటుంది. గర్భాశయమే కారణమని భావించి తొలగించిన 99 మందిపై 1990లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో కూడా సుమారు అయిదో వంతు మందికి నొప్పి పోలేదు.

ఈ నేపథ్యంలో, తిరిగి సరిచేయలేని చికిత్సకు ముందు ప్రయత్నించదగిన, ఆపివేయగలిగిన పద్ధతులకు విలువ ఉంది. శ్రోణి కండరాల ఫిజియోథెరపీ, హార్మోన్ చికిత్స, యోగా వాటిలో ఉన్నాయి. ఆక్యుపంక్చర్‌ను కూడా వాటి పక్కన, వాటికి తోడుగా చేర్చవచ్చు. సరైన శిక్షణ ఉన్నవారి చేతిలో దాని ప్రమాదం తక్కువ. బ్రిటన్‌లో సుమారు 34,000 చికిత్సలను గమనించి 2001లో ప్రకటించిన సర్వేలో తీవ్రమైన దుర్ఘటన ఒక్కటీ నమోదు కాలేదు. ఒకసారి వాడి పారవేసే సూది తప్పనిసరి. సూదిని తిరిగి వాడితే హెపటైటిస్-బి వ్యాపిస్తుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు ముందే చెప్పాలి. సాన్‌యిన్‌జియావో వంటి బిందువులను గర్భిణులలో వాడకూడదని సంప్రదాయమే చెబుతుంది.

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. ఆక్యుపంక్చర్‌లో లోపలి పరీక్ష అవసరం లేదు. సూదులు చాలావరకు కాలిపైనా, చేతిపైనా పడతాయి. పురుష వైద్యుడి ముందు పరీక్షకు జంకే స్త్రీకి ఇది ఎంతో ఊరట. సరిగ్గా ఆ ఊరటే గర్భాశయ ముఖద్వార క్యాన్సరునో, అండాశయ కణితినో, క్షయనో నెలల పాటు మరుగున ఉంచగలదు. నెలసరి ఆగిపోయిన తరువాత రక్తస్రావం, సంభోగం తరువాత రక్తం కనబడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పొత్తికడుపులో గడ్డ తగలడం, జ్వరంతో కూడిన నొప్పి, యాభై దాటిన తరువాత కొత్తగా మొదలైన నొప్పి - వీటిలో ఏది ఉన్నా మొదట స్త్రీవైద్య నిపుణుల పరీక్ష, స్కానింగ్ జరగాలి. సూది తరువాతి మాట.

పరీక్షలు ముగిసి ఆక్యుపంక్చర్ మొదలుపెట్టినప్పుడు దాని ఫలితాన్ని కొలవడం ఎలాగన్నది తెలుగునాట ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. ట్రయల్స్ అన్నీ నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలలో అడుగుతాయి. నొప్పిని ఎన్నడూ అంకెగా తలచని స్త్రీకి ఆ ప్రశ్న పరాయిది. స్వీడన్ పరీక్షలో నొప్పి అంకె కదలకపోయినా పని చేసుకునే శక్తి మారింది. కనుక ఇక్కడ అడగదగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: కింద కూర్చుని లేవగలుగుతున్నదా, నీళ్ళ బిందె ఎత్తుతున్నదా, నాట్లకో కలుపుకో వెళ్ళిన రోజులు కిందటి నెలలో ఎన్ని, ఈ నెలలో ఎన్ని, రాత్రి నిద్ర మధ్యలో ఎన్నిసార్లు తెగింది, మాత్ర వేసుకోకుండా గడిచిన రోజులు ఎన్ని. చికిత్స మొదలుపెట్టే ముందు ఒక నెల, చికిత్సలో రెండు నెలలు ఈ వివరాలను క్యాలెండరు మీదే గుర్తు పెట్టుకుంటే చాలు. ఎనిమిది, పది విడతల తరువాత గుర్తులు మారకపోతే ఆపివేయాలి. మారితే, చికిత్స ముగిసిన మూడు నెలల వరకు గుర్తులు పెడుతూనే ఉండాలి. బోస్టన్ పరీక్షలోనూ, చైనా పరీక్షలోనూ రెండు వర్గాల మధ్య తేడా కరిగిపోయినది ఆ నెలలలోనే.